"మా లారీలకు ఇది పనికొస్తుందా?": క్వాంటమ్ యంత్రానికీ కస్టమర్‌కూ నడుమ ఒక ఇంజినీరు

ఒక సమావేశాన్ని ఊహించుకుందాం. విజయవాడ ఆటోనగర్ దగ్గర ఒక రవాణా సంస్థ ఆఫీసు. బల్లకు ఒక పక్క సంస్థ యజమాని. నలభై ఏళ్లుగా లారీలు తిప్పుతున్న మనిషి. రెండో పక్క క్వాంటమ్ కంప్యూటర్ల కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు. ఫిజిక్స్ చదివిన అమ్మాయి, వయసు ముప్ఫై దాటలేదు. టీలు వచ్చాయి. పెద్దాయన నేరుగా అసలు విషయానికి వచ్చాడు.

"టీవీలో చూశానమ్మా. మామూలు కంప్యూటర్‌కు వేల ఏళ్లు పట్టే లెక్క ఇది నిమిషాల్లో చేస్తుందట గదా. మా లారీ ఒక ట్రిప్పులో ఇరవై ఊళ్లలో సరుకు దింపాలి. ఏ ఊరి తర్వాత ఏ ఊరికి పోతే డీజిల్ కలిసొస్తుందో చెప్పించగలవా?"

ఆ అమ్మాయి ముందు రెండు దారులున్నాయి. "తప్పకుండా సార్, ముందు ఒక చిన్న ప్రాజెక్టు చేద్దాం" అంటే కంపెనీకి ఒక ఒప్పందం దొరుకుతుంది. "ఈ పనికి ఇప్పుడు క్వాంటమ్ కంప్యూటర్ అక్కర్లేదు సార్" అంటే నిజం చెప్పినట్టవుతుంది, చేతికి మాత్రం ఏమీ రాదు.

ఈ యజమానీ ఈ ఇంజినీరూ కల్పితమే. ప్రశ్న మాత్రం నిజమైనదే. రవాణా మార్గాల ఎంపిక క్వాంటమ్ కంప్యూటింగ్ గురించిన ప్రచారంలో తరచూ కనిపించే ఉదాహరణ. దానికి జవాబు చెప్పాల్సిన కుర్చీలో కూర్చునే ఉద్యోగం కూడా ఇప్పుడు ప్రపంచంలో నిజంగానే ఉంది. ఈ వ్యాసం ఆ కుర్చీ గురించి.

ఎవరీ ఇంజినీరు?

క్వాంటమ్ కంప్యూటింగ్ అనగానే మనకు ఇద్దరు గుర్తొస్తారు. నల్లబల్ల మీద సమీకరణాలు రాసే సిద్ధాంతవేత్త ఒకరు, బంగారు రంగు షాండ్లియర్ లాంటి పరికరం పక్కన నిలబడ్డ ప్రయోగశాస్త్రవేత్త మరొకరు. వీళ్లిద్దరూ కట్టిన యంత్రాన్ని వాడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లే మూడో మనిషి ఫొటోల్లో పెద్దగా కనిపించరు.

ఈ ఉద్యోగానికి ఇంకా ఒక స్థిరమైన పేరు కూడా లేదు. ఒక కంపెనీలో సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్, ఇంకో చోట అప్లికేషన్ ఇంజినీర్, మరో చోట కస్టమర్ సక్సెస్ ఇంజినీర్ అంటారు. యంత్రాన్ని కొనుక్కున్న సంస్థకు వెళ్లి దాన్ని నిలబెట్టి, మరమ్మతులు చూసేవారు ఫీల్డ్ సర్వీస్ ఇంజినీర్లు. పని మాత్రం మొత్తం మీద ఒకటే. ఒక పక్క కస్టమర్ భాష, ఇంకో పక్క యంత్రం భాష. ఇద్దరికీ మధ్య ద్విభాషిగా నిలబడాలి.

హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని అడిగినా క్లయింట్ కాల్ అంటే ఏమిటో చెబుతారు. క్లయింట్ అడిగింది రాసుకోవడం, ఎన్ని రోజులు పడుతుందో అంచనా వేయడం, చేసి ఇవ్వడం. అక్కడ "అవుతుందా" అనే ప్రశ్న అరుదు, "ఎప్పటికి" అన్నదే అసలు ప్రశ్న. క్వాంటమ్‌లో ఈ వరస తిరగబడుతుంది. వచ్చిన సమస్యల్లో చాలావాటికి ఈ యంత్రం ఇవాళ పనికిరాదు. ఏవి పనికిరావో, ఏవి రేపు పనికొస్తాయో, వేటికి ఎప్పటికీ అవసరం లేదో వేరుచేసి చెప్పడమే పనిలో పెద్ద భాగం.

లారీ లెక్క వేసి చూద్దాం

మళ్లీ ఆటోనగర్‌కు వెళ్దాం. ఇరవై ఊళ్లను ఒక్కోసారి చుట్టి మొదలుపెట్టిన చోటికి రావడానికి ఎన్ని వరసలున్నాయి? లెక్క వేస్తే సుమారు 608 కోట్ల కోట్లు. ఈ అంకె చూపించి "మామూలు కంప్యూటర్ ఇన్నిటినీ ఒక్కొక్కటిగా చూడాలి, క్వాంటమ్ కంప్యూటర్ అన్నిటినీ ఒకేసారి చూసేస్తుంది" అని చెప్పడం చాలా తేలిక. అందులో రెండు తప్పులున్నాయి.

మొదటిది, మామూలు కంప్యూటర్ అన్ని వరసలనూ చూడదు. పనికిరాని వరసలను గుంపులు గుంపులుగా పక్కన పెట్టేసే పద్ధతులను గణితవేత్తలు డెబ్భై ఏళ్లుగా పదును పెడుతున్నారు. 85,900 బిందువులున్న ఇలాంటి సమస్యకు అన్నిటికన్నా పొట్టి దారి ఏదో, అంతకన్నా పొట్టిది లేదని రుజువుతో సహా, 2006 నాటికే మామూలు కంప్యూటర్లతో తేల్చారు. ఇరవై ఊళ్ల లెక్కకు ఒక ల్యాప్‌టాప్ చాలు.

రెండోది, క్వాంటమ్ కంప్యూటర్ అన్నిటినీ "ఒకేసారి చూసి" జవాబు చెప్పదు. ఎన్నో స్థితుల కలయికను క్యూబిట్లలో ఉంచవచ్చు, నిజమే. కానీ కొలిచిన క్షణంలో ఆ కలయిక నుంచి ఒక్కటే బయటికొస్తుంది. మనకు కావలసిన జవాబు బయటికొచ్చే సంభావ్యతను పెంచేలా, మిగతావి తరంగాల్లా ఒకదాన్నొకటి రద్దు చేసుకునేలా లెక్కను అల్లాలి. అలా అల్లగల పద్ధతి దొరికిన సమస్యలు కొన్నే.

ఇక ఖర్చు చూద్దాం. "ఏ ఊరు, వరసలో ఎన్నోది" అన్న ప్రతి జంటకూ ఒక క్యూబిట్ కేటాయించడం ఈ సమస్యను రాసే మామూలు పద్ధతి. ఇరవై ఊళ్లు, ఇరవై స్థానాలు, అంటే 400 క్యూబిట్లు. ఒక ఊరికి రెండుసార్లు వెళ్లకూడదు, ఒకే సమయంలో రెండు ఊళ్లలో ఉండకూడదు అనే నియమాలు రాయడానికి 7,600 జతల క్యూబిట్లను కలపాలి. దూరాల లెక్కకు మరో 7,600. మొత్తం 15,200 జతలు, ఇది ఒక్క విడతకే. రెండు క్యూబిట్లను కలిపే ప్రతి చర్యలో వెయ్యికి మూడు చొప్పున తప్పులు జరుగుతాయనుకుందాం. అటువంటి చర్యలు వెయ్యి వరసగా చేస్తే ఎక్కడా తప్పు దొర్లకుండా ముగిసే అవకాశం నూటికి అయిదు. అయిదు వేలు చేస్తే సుమారు 33 లక్షల్లో ఒకటి. పదిహేను వేలకు ఇక చెప్పనక్కర్లేదు.

ఈ లెక్కను యజమాని ముందు ఒక కాగితం మీద వేసి చూపించగలగడం ఈ ఉద్యోగంలో ముఖ్యమైన నైపుణ్యం. సమీకరణాలు వాడకుండా, ఆయనను చిన్నబుచ్చకుండా చూపించాలి. ఆయన రోజూ నష్టాల శాతాలు లెక్కవేసే మనిషే. ఒక్కో చేతిలో కొంచెం కొంచెం పోతే చివరికి ఎంత మిగులుతుందో ఆయనకు మనకంటే బాగా తెలుసు.

యంత్రం దగ్గర ఒక రోజు

తప్పులు ఎందుకొస్తాయో తెలియాలంటే యంత్రం లోపలికి వెళ్లాలి. క్యూబిట్లను అయాన్లతో, తటస్థ పరమాణువులతో, కాంతి కణాలతో కూడా చేస్తున్నారు. ఇక్కడ ఎక్కువ ప్రచారంలో ఉన్న సూపర్ కండక్టర్ రకాన్నే తీసుకుందాం. చిప్ మీద జోసెఫ్సన్ జంక్షన్ అనే భాగం ఉన్న చిన్న విద్యుత్ వలయమే ఇందులో క్యూబిట్. ఇలాంటి వలయం కంటికి కనిపించేంత పెద్దదైనా పరమాణువులా విడివిడి శక్తి మెట్లతో ప్రవర్తిస్తుందని 1980ల నడుమ నిరూపించినందుకే జాన్ క్లార్క్, మిషెల్ డెవొరె, జాన్ మార్టినిస్‌లకు 2025 భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఈ క్యూబిట్‌కు రెండు మెట్లు: సున్నా, ఒకటి. వాటి మధ్య తేడా సుమారు 5 గిగాహెర్ట్జ్ మైక్రోవేవ్ తరంగానికి సరిపడే శక్తి. మన వైఫై తరంగాల పక్కింటిదే. ఉష్ణోగ్రతగా మార్చి చూస్తే అది 0.24 కెల్విన్. అంటే చుట్టూ ఉన్న వేడి అంతకంటే బాగా తక్కువగా లేకపోతే, మనం ఏమీ చేయకుండానే క్యూబిట్ సున్నా నుంచి ఒకటికి ఎగిరి కూర్చుంటుంది. అందుకే చిప్‌ను 0.015 కెల్విన్ దగ్గర ఉంచుతారు. నక్షత్రాల నడుమ శూన్యంలో ఉండే 2.7 కెల్విన్ కంటే ఇది దాదాపు 180 రెట్లు చల్లన. ఫొటోల్లో కనిపించే ఆ బంగారు షాండ్లియర్ కంప్యూటర్ కాదు, ఈ చల్లదనాన్ని మెట్లు మెట్లుగా దింపే రిఫ్రిజిరేటర్ లోపలి భాగం. హీలియం-3, హీలియం-4 అనే రెండు రకాల హీలియం మిశ్రమంతో అది పనిచేస్తుంది.

ఫీల్డ్ ఇంజినీరు రోజు ఇక్కడ గడుస్తుంది. మామూలు సర్వర్‌లో ఒక భాగం చెడితే పెట్టె విప్పి మార్చేస్తారు. ఇక్కడ విప్పాలంటే ముందు మొత్తాన్ని గది ఉష్ణోగ్రతకు తేవాలి, పని అయ్యాక మళ్లీ చల్లబరచాలి. రెండూ కలిపి రోజుల తరబడి పని. కాబట్టి లోపల ఒక తీగ సరిగా లేదనిపిస్తే, విప్పకుండానే బయటి నుంచి సంకేతాలు పంపి, తిరిగొచ్చినదాన్ని చూసి, తప్పు ఏ మెట్టు దగ్గరుందో పట్టుకోవాలి. నాడి పట్టుకుని జబ్బు చెప్పే వైద్యుడి పనిలాంటిది. చల్లబరిచే నీళ్లు ఆగకూడదు, కరెంటు పోకూడదు, పంపుల కంపనం చిప్‌కు చేరకూడదు. అంటే భవనం ప్లాను గీసే రోజు నుంచే ఈ ఇంజినీరు అక్కడ ఉండాలి.

యంత్రం చల్లబడ్డాక కూడా నిలకడగా ఉండదు. చిప్ పదార్థంలో ఉండే అతిసూక్ష్మ లోపాలు ఒక్కోసారి క్యూబిట్ శక్తిని దొంగిలిస్తాయి. ఇవాళ చక్కగా ఉన్న క్యూబిట్ రేపు ఉదయానికి మొరాయించవచ్చు. అందుకే వీణకు శ్రుతి సరిచూసినట్టు యంత్రాన్ని తరచూ సరిచూస్తూ ఉంటారు. "నిన్న వచ్చిన జవాబు ఇవాళ రావడం లేదు" అని కస్టమర్ ఫోన్ చేసినప్పుడు ఇంజినీరు మొదట చూసేది ఆ శ్రుతి పట్టికనే. ఏ క్యూబిట్ ఎంతసేపు స్థితిని నిలుపుకుంటోంది, ఏ జతలో తప్పులు పెరిగాయి అని చూసి, అదే లెక్కను చిప్ మీద ఆరోగ్యంగా ఉన్న వేరే మూలకు మారుస్తారు.

తిరగబడ్డ జవాబు, ముక్కలైన జవాబు

నేను ఎమ్మెస్సీ ముగించిన వేసవిలో, 2016లో, ఐబీఎం అయిదు క్యూబిట్ల యంత్రాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచింది. పుస్తకంలో చదివిన ముడిపడ్డ క్యూబిట్ల జతను ఆ యంత్రం మీద నడిపి చూశాను. రెండు క్యూబిట్లూ ఎప్పుడూ ఒకే జవాబు ఇవ్వాలి: సున్నా-సున్నా లేదా ఒకటి-ఒకటి. వచ్చిన పట్టీల్లో ఆ రెండూ ఎత్తుగానే ఉన్నాయి. కానీ పక్కన, రాకూడని సున్నా-ఒకటి, ఒకటి-సున్నా కూడా పొట్టిగా నిలబడి ఉన్నాయి. నేనేదో తప్పు రాశాననుకుని మూడుసార్లు మళ్లీ నడిపాను. తప్పు నాది కాదు. యంత్రం సహజంగా ఉండేదే అంత. ఆ మాట చెప్పే మనిషి అప్పుడు నా పక్కన లేరు.

ఇవాళ కస్టమర్ ఇంజినీర్లు చేసే పనిలో కొంత భాగం అచ్చంగా ఇదే. కొత్తగా వచ్చినవారి సందేహాలు చూడటానికి చిన్నవి. ఉదాహరణకు, బాగా వాడుకలో ఉన్న కిస్కిట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మొదటి క్యూబిట్ ఫలితం జవాబులో కుడి చివర వస్తుంది. చాలా పాఠ్యపుస్తకాలు ఎడమ చివర రాస్తాయి. ఈ ఒక్క తేడా తెలియక, పద్ధతి మొత్తం సరిగ్గా ఉన్నా జవాబు తిరగబడి, గంటల తరబడి తల పట్టుకోవడం మామూలే.

కొంచెం లోతైన సందేహం మరొకటి: "ఒకసారి నడిపితే జవాబు రాదా?" రాదు. క్వాంటమ్ కంప్యూటర్ ఇచ్చేది సంభావ్యత. నాణెం ఎగరేసినట్టు మళ్లీ మళ్లీ నడిపి సగటు తీయాలి. సగటులో నూటికి ఒక వంతు ఖచ్చితత్వం కావాలంటే సుమారు పదివేల సార్లు. వెయ్యికి ఒక వంతు కావాలంటే పది లక్షల సార్లు. ఖచ్చితత్వం పది రెట్లు పెరిగితే ఖర్చు వంద రెట్లు. క్లౌడ్‌లో యంత్రం వాడిన సమయానికి బిల్లు పడుతుంది. కాబట్టి "మీకు నిజంగా ఎంత ఖచ్చితత్వం కావాలి?" అని ముందే అడిగే ఇంజినీరు కస్టమర్ డబ్బు కాపాడినట్టే.

బ్యాంకు అడిగే ప్రశ్న

లారీ యజమాని లాభం కోసం వస్తాడు. బ్యాంకు అధికారులు భయంతో వస్తారు. "మా తాళాలను ఇది విప్పేస్తుందా?"

ఈ భయానికి మూలం 1994లో పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతి. పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టడం కష్టం అన్న నమ్మకం మీదే ఆర్‌ఎస్‌ఏ అనే రహస్య సంకేత పద్ధతి నిలబడి ఉంది. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ ఉంటే ఆ కష్టం పోతుందని షోర్ చూపించాడు. ఎంత పెద్దది? 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ తాళాన్ని ఎనిమిది గంటల్లో విప్పడానికి, తప్పులు చేసే ఇప్పటి రకం క్యూబిట్లే అయితే 2 కోట్లు కావాలని 2019లో ఒక అంచనా వచ్చింది. ఆ అంచనా వేసినవారిలో ఒకరైన క్రెయిగ్ గిడ్నీ 2025లో పద్ధతిని మెరుగుపరచి, 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపే సాధ్యమని చూపించాడు. ఇప్పటి చిప్‌లలో క్యూబిట్ల సంఖ్య వందల్లో, మహా అయితే వెయ్యికి కాస్త పైన ఉంది. తాళం ఇవాళ విరగదు. కానీ ఆరేళ్లలో లక్ష్యం ఇరవై రెట్లు దగ్గరకొచ్చిన సంగతి కూడా నిజమే.

ఇక్కడ నిజాయితీ గల సలహా విచిత్రంగా ఉంటుంది. క్వాంటమ్ కంప్యూటర్ నుంచి రక్షణకు క్వాంటమ్ కంప్యూటర్ కొనక్కర్లేదు. దాని దాడిని తట్టుకునేలా రూపొందించిన కొత్త సంకేత ప్రమాణాలను అమెరికా ప్రమాణాల సంస్థ 2024 ఆగస్టులో ఖరారు చేసింది. అవి మామూలు కంప్యూటర్ల మీదే నడుస్తాయి. ఇరవై ఏళ్లపాటు రహస్యంగా ఉండాల్సిన సమాచారాన్ని ఇవాళే దొంగిలించి దాచుకుని, యంత్రం వచ్చాక విప్పే ప్రమాదం ఉంది. అందువల్ల ఏ సమాచారం ఎంతకాలం రహస్యంగా ఉండాలో జాబితా వేసుకోవడం నుంచే పని మొదలవ్వాలి. ఇందులో ఇంజినీరు కంపెనీకి అమ్ముడయ్యేది ఏమీ లేదు. చెప్పాల్సింది మాత్రం ఇదే.

"అవును" అనదగ్గ చోటు

అన్నిటికీ కాదనడమే ఈ ఉద్యోగం అనుకోకండి. అలా అయితే దీనికి మనిషి అక్కర్లేదు.

ప్రకృతిని అనుకరించాలంటే క్వాంటమ్ నియమాలతోనే నడిచే కంప్యూటర్ కావాలని రిచర్డ్ ఫైన్‌మన్ 1981లో చేసిన ప్రసంగంలో అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఈ రంగానికి గట్టి పునాది. అణువులో ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటి సంఖ్య పెరిగేకొద్దీ మామూలు కంప్యూటర్‌లో రాసుకోవాల్సిన అంకెలు రెట్టింపుల మీద రెట్టింపులవుతాయి.

మనకు దగ్గరి ఉదాహరణ వేరుశనగ మొక్క. దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మామూలు నేల ఉష్ణోగ్రతలోనే అమ్మోనియాగా మారుస్తుంది. అదే పని ఎరువుల కర్మాగారంలో చేయాలంటే వందల డిగ్రీల వేడి, వంద రెట్లకు పైగా వాతావరణ పీడనం కావాలి. బ్యాక్టీరియాలోని ఎంజైములో ఇనుము, మాలిబ్డినం పరమాణువులున్న ఒక చిన్న గుత్తి ఈ పని చేస్తుంది. దాని ఎలక్ట్రాన్ల లెక్క మామూలు కంప్యూటర్లకు చాలా కష్టమైనదని పేరు పడింది. క్వాంటమ్ కంప్యూటర్‌కు ఇది సరైన పరీక్ష. అయితే దీనికి 40 లక్షల క్యూబిట్లు, నాలుగు రోజుల లోపు సమయం కావాలని 2021లో ప్రచురితమైన ఒక అంచనా.

కాబట్టి రసాయనాల పరిశోధకులు వస్తే ఇంజినీరు జవాబు "అవును, కానీ మెట్టు మెట్టుగా". ఇప్పుడు చిన్న అణువులతో మొదలుపెట్టండి, మీ సమస్యను క్వాంటమ్ భాషలో రాయడం మీవాళ్లు నేర్చుకోనివ్వండి, మామూలు కంప్యూటర్ జవాబుతో ప్రతిసారీ పోల్చండి. తప్పులను దిద్దుకునే దారి తెరుచుకుంటోంది కూడా. 2024 డిసెంబరులో గూగుల్ తన 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద, ఎక్కువ క్యూబిట్లను గుంపుగా కట్టేకొద్దీ ఆ గుంపు చేసే తప్పులు మెట్టుకు సగానికి పైగా తగ్గడం చూపించింది. గుంపు పెద్దదైతే తప్పులు పెరగకుండా తగ్గడమే ఇన్నేళ్లుగా అందరూ ఎదురుచూసిన విషయం.

ప్రకటనలు చదవడం ఎలా?

కస్టమర్ చేతిలో ఎప్పుడూ ఒక వార్త కత్తిరింపు ఉంటుంది. దాన్ని వివరించడం కూడా ఇంజినీరు పనే. మూడు కథలు తెలిస్తే చాలావరకు సరిపోతుంది.

2019లో గూగుల్ 53 క్యూబిట్ల యంత్రం, సూపర్ కంప్యూటర్‌కు పదివేల ఏళ్లు పట్టే లెక్కను 200 సెకన్లలో చేసిందన్నారు. రెండున్నర రోజులు చాలని ఐబీఎం వెంటనే వాదించింది. తర్వాతి ఏళ్లలో మామూలు ప్రాసెసర్ల సమూహంతో గంటల్లోనే చేసి చూపించారు. పైగా ఆ లెక్క యంత్రాన్ని పరీక్షించడానికి ఎంచుకున్నది, వ్యాపార సమస్య కాదు.

2023లో ఐబీఎం 127 క్యూబిట్ల మీద, రెండు క్యూబిట్ల చర్యలు 2,880 ఉన్న ఒక భౌతికశాస్త్ర లెక్కను నడిపింది. శబ్దాన్ని కావాలనే పెంచి కొలిచి, ఆ కొలతల నుంచి శబ్దమే లేకపోతే ఏం వచ్చేదో అంచనా కట్టింది. అందమైన పద్ధతి. కొద్ది వారాల్లోనే ఆ జవాబులను మామూలు కంప్యూటర్లతోనూ రాబట్టిన పద్ధతులు వచ్చాయి.

ఈవిన్ టాంగ్ అనే విద్యార్థినికి ఆమె గురువు ఒక పని ఇచ్చాడు. సినిమాలు, వస్తువులు సిఫారసు చేసే ఒక క్వాంటమ్ పద్ధతి అంత వేగం మామూలు కంప్యూటర్‌కు సాధ్యం కాదని నిరూపించమన్నాడు. నిరూపణ కుదరలేదు. ఎందుకంటే దాదాపు అంతే వేగంగా చేసే మామూలు పద్ధతిని 2018లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆమె కనిపెట్టింది.

ఇవి ఓటమి కథలు కావు. క్వాంటమ్ ముందుకు జరిగిన ప్రతిసారీ మామూలు కంప్యూటర్ల పద్ధతులూ పదునెక్కాయి. అందువల్ల ఏ ప్రకటన చూసినా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: దేనితో పోల్చారు? ఇవాళ దొరికే అత్యుత్తమ మామూలు పద్ధతితోనా, తేలిగ్గా ఓడించదగ్గ పాత పద్ధతితోనా?

మన ముంగిట్లో

ఈ ఉద్యోగం ఇక దూరదేశపు సంగతి కాదు. కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. 2030-31 వరకు రూ.6,003.65 కోట్లు. ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల యంత్రాలు కట్టాలన్నది లక్ష్యాల్లో ఒకటి. బెంగళూరులోని క్యూపీఏఐ అనే సంస్థ 2025లో 25 క్యూబిట్ల యంత్రాన్ని ప్రకటించింది. అదే ఏడాది మే నెలలో, అమరావతిలో తలపెట్టిన క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల ప్రాసెసర్ ఉన్న యంత్రాన్ని నెలకొల్పుతామని ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాయి.

యంత్రం వస్తే ఫొటోలు వస్తాయి. ఆ తర్వాత దాన్ని ఎవరు ఏ పనికి వాడతారన్నది మిగులుతుంది. పక్క జిల్లా కాలేజీ అధ్యాపకుడు, గుంటూరు మిర్చి వ్యాపారి, హైదరాబాద్ మందుల కంపెనీ శాస్త్రవేత్త, ముగ్గురూ వేర్వేరు ఆశలతో ఆ తలుపు తడతారు. ముగ్గురికీ ఒకే పొగడ్త వినిపిస్తే రెండేళ్లలో తలుపు దగ్గర ఎవరూ మిగలరు. ప్రజల డబ్బుతో నడిచే పరిశోధనకు అది పెద్ద నష్టం. ఆశలు కూలాక నిధులు ఎండిపోయిన కాలాన్ని కృత్రిమ మేధ రంగం గతంలో చూసింది. అలాంటి చలికాలం ఇక్కడ రాకుండా కాపాడేవారిలో, ప్రతి తలుపు దగ్గరా నిలబడి నిజం చెప్పే ఈ ఇంజినీర్లు ముందు వరసలో ఉంటారు.

ఏం చదవాలి?

ఈ ప్రశ్నతో విద్యార్థులూ వాళ్ల తల్లిదండ్రులూ నన్ను తరచూ అడుగుతారు. కొన్నిసార్లు చేతిలో ఖరీదైన ఒక కోర్సు బ్రోచర్ కూడా ఉంటుంది. డబ్బు కట్టే ముందు ఉచితంగా చేయదగినవి చాలా ఉన్నాయి.

పునాది మాత్రికల గణితం. క్యూబిట్ అంటే రెండు సంఖ్యల వరస, దానిపై జరిగే ప్రతి చర్యా ఒక మాత్రిక. ఇది ఇంజినీరింగ్ మొదటి ఏడాది పాఠమే, పరీక్ష కోసం కాకుండా మళ్లీ చదవాలి. తర్వాత సంభావ్యత, గణాంకాలు. సగటు ఎంత నమ్మదగినదో చెప్పలేనివారు ఈ రంగంలో ఒక్క జవాబు కూడా ఇవ్వలేరు. మూడోది పైథాన్. క్వాంటమ్ సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఉచితం, ల్యాప్‌టాప్ మీద ఇరవై క్యూబిట్ల వరకు అనుకరణగా నడిపి చూసుకోవచ్చు.

యంత్రం వైపు వెళ్లాలనుకునేవారికి పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. మైక్రోవేవ్ ఎలక్ట్రానిక్స్, వాక్యూమ్ పంపులు, అతిశీతల పరికరాలు తెలిసిన చేతులు కావాలి. డిప్లొమా చేసి, పరికరం విప్పి బిగించడంలో నేర్పున్న మనిషికి ఇక్కడ చోటుంది. కస్టమర్ వైపు వెళ్లాలనుకునేవారికి ఇంకో రంగం కూడా లోతుగా తెలిసి ఉండాలి: రసాయనశాస్త్రమో, బ్యాంకింగో, రవాణానో. ఎదుటివాడి సమస్య అర్థం కాకుండా పరిష్కారం చెప్పలేం.

అన్నిటికంటే కష్టమైనది ఏ సిలబస్‌లోనూ లేదు. ఎదుటివారి ఆశను అవమానించకుండా "ఇది కాదు" అని చెప్పడం. దాన్ని తెలుగులో చెప్పగలిగితే మరీ మంచిది. లారీ యజమానికి సూపర్‌పొజిషన్ అన్న మాట అక్కర్లేదు, తన డీజిల్ లెక్కకు జవాబు కావాలి.

మళ్లీ ఆటోనగర్

టీ చల్లారింది. కాగితం నిండా అంకెలున్నాయి. ఆ అమ్మాయి రెండో దారినే ఎంచుకుందనుకుందాం.

"మీ ఇరవై ఊళ్ల లెక్క ఉచితంగా దొరికే మామూలు సాఫ్ట్‌వేరే చేసేస్తుంది సార్. దాని పేరు రాసిస్తాను, మీ అబ్బాయితో పెట్టించుకోండి. మా యంత్రం ఈ పనికి ఇప్పుడు దండగ."

పెద్దాయన కాసేపు కాగితం వైపు చూశాడు. "మరి ఇంత దూరం వచ్చి ఏం అమ్మినట్టమ్మా?"

"ఇవాళ ఏమీ లేదు సార్."

ఆయన నవ్వి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడో ఒకనాడు ఆ యంత్రం నిజంగా పనికొచ్చే రోజు వచ్చి, ఆమె మళ్లీ ఫోన్ చేస్తే, ఆయన ఫోన్ ఎత్తుతాడు.